బెజ్జం లేని పిస్టన్లు

ఆ రోజుల్లో మా తీరం మీద ఏ వస్తువు విలువైనా తూకంలోనే తేలేది. డబ్బా మీద అచ్చేసిన ముక్కలు చదివి, ఫోన్లో రేటింగు చుక్కలు లెక్కపెట్టి కొనే అలవాటు మాకింకా రాలేదు. రొయ్యల వ్యాపారం మా బుర్రల్లోకి అంతగా దిగిపోయి ఉండేది. కిలోకి ముప్పై తూగితే మారాజుల సరుకు, అరవై తూగితే మామూలు సరుకు, నూరు దాటితే ఇంట్లో పులుసుకి. (దీన్ని మేము కౌంటు అంటాం. కౌంటు తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, రేటు పెద్దది, అమ్మేవాడి గొంతు కూడా పెద్దది.) ఈ సూత్రాన్ని మేం గుమ్మడికాయలకీ, చెప్పులకీ, పెళ్ళిళ్ళలో పెట్టే స్టీలు గిన్నెలకీ కూడా వర్తింపజేసేవాళ్ళం. మా ఊళ్ళో ఒకాయన కొడుకు చదువుకి పుస్తకాలు కూడా చేత్తో ఎత్తి బరువు చూసే కొన్నాడని చెబితే మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు, కానీ చాలామందికి చెప్పాను. మొత్తానికి బరువున్నది మంచిది అన్న నమ్మకం మాకు మతం లాంటిది. ఆ మతం మా మేనమామ బతుకుని దాదాపు ముంచినంత పని చేసింది. అందులో నా చెయ్యి కూడా చిన్నదేం కాదు.

మా మామ పులికాట్ సరస్సు మీద పడవలు నడిపే ఇంట్లో పుట్టినవాడు. పడవని తోసే గెడ వేసి వేసి కుడి భుజం పట్టేస్తే, ఇక లాభం లేదని పడవా వలా అమ్మేసి, తడ దగ్గర ఫ్యాక్టరీ వాళ్ళు వాడి వదిలేసిన చిన్న లారీ ఒకటి కొని నేల మీదికి వచ్చాడు. ఆ బండికి టర్బో ఉంది. నేనప్పటికి గూడూరులో డిప్లొమా ఒక ఏడాది చదివి, అది నన్ను వదిలేసిందో నేను దాన్ని వదిలేశానో తేలని స్థితిలో మామ పక్కన కూర్చుని తిరుగుతున్నాను. అంచేత యంత్రాల విషయంలో మా ఇంటికి నేనే పండితుణ్ణి. బండి తెచ్చిన రోజు మామ నన్ను పక్కకి పిలిచి, "టర్బో అంటే ఏందిరా అబయా" అని అడిగాడు. ఇంజిను వదిలేసే పొగే ఒక చక్రాన్ని తిప్పుతుందనీ, ఆ చక్రం మళ్ళీ ఇంజినులోకి గాలి దట్టిస్తుందనీ చెప్పాను. మామ బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "అంటే తిని వదిలేసిందాన్ని కూడా వదలదా?" అన్నాడు. "అట్టాంటిదే మామా" అన్నాను. "మీ అత్త మాదిరి పొదుపైన బండి" అని బానెట్ మీద పసుపు రాశాడు.

ఆ బండితోనే మామకి పెద్దగుంటలాయన దగ్గర పని దొరికింది. సముద్రం వైపు ఆయనకి బారులు బారులుగా రొయ్యల గుంటలు. పట్టుబడి రోజున గుంటలోంచి తీసిన రొయ్యల్ని ఐసులో పెట్టి ఎండ ముదరకముందే నెల్లూరు చేర్చాలి. రెండేళ్ళు బాగానే నడిచింది. మూడో ఏడు ఒక మిట్టమధ్యాహ్నం ఖాళీ బండితో వస్తుంటే, నాయుడుపేట దాటాక ఇంజిను ఒక్కసారి దగ్గి, పొగ వదిలి, ఆగిపోయింది. ఆ పొగని చూసి నేలపట్టు కొంగలు వాన మబ్బనుకుని గూళ్ళకి మళ్ళుకున్నాయి. (అడవిశాఖ వాళ్ళని అడక్కండి, వాళ్ళు ఒప్పుకోరు.) బండిని తాడు కట్టి సూళ్ళూరుపేటలో నిదానం మేస్త్రీ షెడ్డుకి లాక్కొచ్చాం. ఆయన ఏ మాట ముందైనా వెనకైనా "నిదానం" అంటాడు గనక ఆ పేరు. ఇంజిను విప్పి చూస్తే ఒక పిస్టన్ తల వేడికి వెన్నముద్ద మాదిరి కరిగి ఉంది. మిగతా మూడూ ఇవాళో రేపో అన్నట్టున్నాయి. "నిదానంగా వినండి. నాలుగూ మార్చాల. అవి ఆడే గొట్టాల్ని అరగదీసి బోరు కొట్టించాల" అన్నాడు మేస్త్రీ.

నిదానంగా వినే వీలు మాకు లేదు. పెద్దగుంటలాయన పట్టుబడికి నెల్లూరులో కొనేవాళ్ళకి మాట ఇచ్చి ఉన్నాడు. అమావాస్యకి రొయ్య పెంకు విడుస్తుంది గనక అది పోనిచ్చి, కొత్త పెంకు గట్టిపడగానే వల లాగేస్తారు. బండి మూలపడిన సంగతి ఆయనకి తెలిసి కబురు పంపాడు. ఆ పొద్దున బండి గుంట కట్ట మీద ఉంటే ఈ ఏడాది సరుకు తోలే పనంతా మామదే, లేకపోతే కావలి ఊరోళ్ళ బండ్లు పిలిపించుకుంటాడు. ఆయన కసిరి చెప్పలేదు, మామూలుగానే చెప్పాడట. అందుకే మామకి భయం వేసింది. బండి పోతే మామ మళ్ళీ నీళ్ళ మీదికి పోవాలి. అదీ సొంత పడవ మీద కాదు, ఇంకొకడి పడవలో కూలికి, ఆ పట్టేసిన భుజంతో. అత్త చిట్టీ పాడి తెచ్చిన డబ్బు చీరకొంగులోంచి తీసి మామ చేతిలో పెట్టింది. "దీంట్లో అయితే చేయించు. కాకపోతే బండిని తూకానికి అమ్మెయ్యి. ఇంక నన్నడగబాకు" అంది. మామ ఆ రాత్రి అన్నం తింటూ భుజం రుద్దుకోవడం నేను చూశాను. ఆయన నేను చూడలేదనుకున్నాడు.

మేస్త్రీ మాతో నెల్లూరు రావాల్సింది. కానీ గుమ్మిడిపూండిలో వాళ్ళ బావమరిది పెళ్ళి. ఆయన పోతూ పోతూ మాకు రెండు మాటలు చెప్పాడు. "కంపెనీ పిస్టన్లు అడగబాకండి, అవి మీ వల్ల కాదు. కోయంబత్తూరు నుంచి వచ్చేవి ఉంటాయి, అవి చాలు. రెండోది, టర్బో బండి అని చెప్పండి. నిదానంగా చెప్పండి. టర్బోవి వేరే, మామూలువి వేరే." సైజు కూడా నా చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. నేను డిప్లొమా ఒక ఏడాది చదివినవాణ్ణి గనక, సరేలే అన్నట్టు తల ఊపాను.

మర్నాడు నెల్లూరు బస్సులో కూర్చున్నాం. మామ సంచిలో రెండే వస్తువులు. తువాలులో చుట్టిన పాత పిస్టన్ ఒకటి, స్ప్రింగు కాటా ఒకటి. కాటా లేకుండా మామ ఊరు దాటడు. ఎవడి కాటా మీదా ఆయనకి నమ్మకం లేదు. (తన కాటా మీద ఎవరికీ నమ్మకం లేదన్న సంగతి వేరే.) మనుబోలు దాటాక మామ నా చెవి దగ్గరికి వంగి, "అంగట్లో నువ్వు నోరు తెరవబాకు. టర్బో మాట అసలే అనబాకు" అన్నాడు.

"మేస్త్రీ చెప్పమన్నాడు గదా మామా."

"ఆయనకేం, రెంచీ తిప్పేవాడు. సరుకు బేరం తెలుసా ఆయనకి? మన పక్క రొయ్యలు కొనేవాళ్ళు ఇవి యాడికి పోతాయో ఆసామికి చెప్తారా? చెప్తే రేటు లేస్తాది. టర్బో అన్నామంటే వాడు కళ్ళజోడు సర్దుకుని ఇంకో రేటు చెప్తాడు. సరుకు చూపించమందాం. చూసి, తూచి, మనమే ఏరుకుందాం."

ఇది మా వ్యాపార ధర్మం. దీనిలో తప్పేమీ నాకు కనపడలేదు. కనపడి ఉంటే మాత్రం ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

నెల్లూరులో స్పేర్ పార్టుల అంగడాయన్ని అందరూ అద్దాలన్న అనేవాళ్ళు. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది, చూసేది మాత్రం దాని కిందినుంచి. గుళ్ళో పూజారి హారతి పళ్ళెం పట్టుకున్నంత నిష్ఠగా ఆయన సరుకు బయటికి తీసేవాడు. సైజు చెప్పగానే మూడు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక్కో పిస్టన్ తీసి గుడ్డ మీద నిలబెట్టాడు. "ఈ సైజులో మూడు రకాలుండాయి. ఇవి కంపెనీవి. ఇవి కోయంబత్తూరువి. ఇవి మామూలు బండ్లవి. తమది టర్బోదా, మామూలుదా?"

"మామూలుదే" అన్నాడు మామ, చనిపోయినవాళ్ళ పేరు చెప్పినంత గంభీరంగా.

"అయితే ఈ మూడోవి చాలు."

మామకి అనుమానం వచ్చింది. చవక సరుకు వైపు తనే చెయ్యి చూపించే వ్యాపారిని ఆయన జీవితంలో చూడలేదు. సంచిలోంచి కాటా తీసి, తువాలుని ఉట్టి మాదిరి కట్టి, కోయంబత్తూరు పిస్టన్‌ని తూచాడు. తర్వాత మామూలు బండి పిస్టన్‌ని తూచాడు. మళ్ళీ ఇది, మళ్ళీ అది. అద్దాలన్న కళ్ళజోడు కిందికి దించుకుని మరీ చూశాడు. అన్నేళ్ళ వ్యాపారంలో ఆయన దగ్గర పిస్టన్‌ని వేలాడదీసిన మొదటి మనిషి మా మామే అయ్యుంటాడు. ముల్లు ఎక్కడ ఆగిందో నాకూ కనపడింది. చవకది బరువు, ఖరీదైనది తేలిక. మామ ముఖంలో ఒక్క గీత కదల్లేదు, కానీ బల్ల కింద నా కాలు తొక్కాడు. ముప్పై కౌంటు రొయ్యని అరవై కౌంటు ధరకి అమ్మే అమాయకుడు దొరికాడని దాని అర్థం.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ నేను పండితుణ్ణి గదా, కోయంబత్తూరు పిస్టన్‌ని తలకిందులు చేసి, అడుగుని వెలుతురుకి పెట్టి చూశాను. లోపలి వైపు చిటికెన వేలు దూరేంత బెజ్జం ఒకటి ఉంది. కంపెనీదాన్ని కూడా తిప్పాను. దానికీ ఉంది. మూడో రకం మాత్రం నున్నగా, గట్టిగా, బెజ్జం లేకుండా ఉంది. మామని పక్కకి లాగి, సంచిలోని పాత పిస్టన్‌ని తడిమి చూపించాను. "చూడు మామా, మనదానికీ అదే చోట బెజ్జం ఉండాది. అందుకే గదా పోయింది."

మామ ఆ బెజ్జంలో వేలు పెట్టి అట్టాగే నిలబడిపోయాడు. పడవల ఇంట్లో పుట్టినవాడికి అడుగున బెజ్జం అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. వాళ్ళ నాయన పడవకి చీమ దూరేంత సందు పడితే రెండు రోజులు వేట మానుకుని మూయించేవాడట. మామ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయనే నాకు గుర్తు. నా భుజం మీద చెయ్యి వేసి, "చదువు యాడికి పోతాదిరా" అన్నాడు. ఆ మాట వినడానికి మా అమ్మా నాయనా ఎన్నేళ్ళు ఎదురుచూశారో. మేం నాలుగు బరువైన, బెజ్జం లేని పిస్టన్లు కొనుక్కుని, బయటికొచ్చి కారం దోసెలు తిన్నాం. మామ నా ఆకులో రెండోది కూడా వేయించాడు.

ఆ రెండో దోసె అరగకముందే మేస్త్రీ పెళ్ళి నుంచి వచ్చాడు. ఒక పిస్టన్ చేతిలోకి తీసుకుని అడుగు చూశాడు. ఇంకోటి తీసుకున్నాడు. నాలుగూ చూసి, "బెజ్జం ఏదిరా?" అన్నాడు.

"ఒక్కదానికి కూడా లేదన్నా" అన్నాను గర్వంగా. "ఏరి తెచ్చినాం."

మేస్త్రీ పాత టైరు మీద కూర్చున్నాడు. బీడీ ముట్టించాడు. అది ఆరిపోనిచ్చాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. టర్బో ఇంజినులో మంట ఎక్కువ. కింద నుంచి నూనె చిమ్మి, ఆ బెజ్జంలోంచి పిస్టన్ తల లోపలికి పోయి, దాన్ని చల్లబరిచి బయటికి వస్తాది. పిస్టన్ తేలిగ్గా ఉండేది కూడా లోపల ఆ దోవ ఉన్నందుకే. "వీటిని వేస్తే మీ బండి పట్టుబడికి పోతాది. తిరిగి రాదు. రొయ్యలేసుకుని దారిలో నిలబడిపోతాది. అప్పుడు ఆ ఆసామికి సరుకు కూడా మీరే కట్టియ్యాల."

మామ నా వైపు చూడలేదు. అదే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది. రెండు దోసెలు తిన్నవాణ్ణి గనక నేనూ ఎటూ చూడలేదు. బోరు కొట్టించడం అయిపోయింది, అమావాస్య కూడా వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ నెల్లూరు బస్సెక్కాం. దారిలో మామ బాధంతా పిస్టన్ల గురించి కాదు. "మామూలు బండి అని నా నోటితో చెప్పినా. ఇప్పుడు పోయి అబద్ధమాడినానని ఎట్టా చెప్పేదిరా?"

"చెప్పకుండా ఎట్టా మార్చుకునేది మామా?"

"ఆలోచిస్తా ఉండా. కదిలించబాకు." నెల్లూరు పొలిమేరల్లోకి వచ్చాక ఆయన ముఖం తేటపడింది. అది చూసి నాకు దడ పుట్టింది.

అద్దాలన్న మమ్మల్ని చూసి కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. మామ డబ్బా బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, "అన్నా, ఆ బండి అమ్మేసినా. కొత్తగా ఇంకోటి తీసుకున్నా. టర్బోది" అన్నాడు.

"మొన్ననే గదా దానికి ఇవి తీసకపొయినారు."

"తీసకపొయినా. తీసకపొయినాక బుద్ధి పుట్టింది."

"మంచిది" అన్నాడు అద్దాలన్న. డబ్బా మూత తీస్తూ, "కొత్తగా తీసుకున్నదానికి కూడా పిస్టన్లు పోయినాయా?" అన్నాడు.

"పోయినాయి."

"నాలుగూనా?"

"నాలుగూ."

"అదే సైజు?"

"అదే సైజు. దేవుడి దయ."

పైన గోడ మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఎర్ర రంగుతో రాసి ఉంది. నేను ఆ బోర్డునే చదువుతున్నాను, ఎందుకంటే ఇంకెక్కడ చూసినా నవ్వో ఏడుపో వచ్చేట్టుంది. అద్దాలన్న ఒక్కో పిస్టన్‌నీ వెలుతురుకి పెట్టి గీతలేమైనా ఉన్నాయేమో చూశాడు. తల ఎత్తకుండానే, "మరి ఆ పాత బండి కొన్నాయనకి ఇవి అక్కర్లేదంటనా?" అన్నాడు.

"వద్దన్నాడు. అట్టాగే నడుపుకుంటానన్నాడు."

"పిస్టన్లు లేకుండానా?"

మామ రెప్ప వెయ్యలేదు. "తోలేవాడు మంచోడు" అన్నాడు.

ఆ అంగట్లో అప్పుడు పడ్డ నిశ్శబ్దాన్ని తూచి ఉంటే మామ కాటా తెగిపోయేది. మా ఏడాది బతుకంతా ఆ మనిషి పెదాల మీద ఉంది. ఆయన నవ్వితే మామ డబ్బా తీసుకుని వెళ్ళిపోతాడు, నాకు తెలుసు. కోప్పడితే కాళ్ళ మీదైనా పడతాడు గానీ, నవ్వితే నిలబడడు. అద్దాలన్న నవ్వలేదు. పాత డబ్బా పక్కకి జరిపి, కోయంబత్తూరు డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. "కొత్త బండి కొన్నారు, శుభం" అన్నాడు. రేటులో తేడా మా దగ్గర మిగిలినదానితో సరిపోయింది, బస్సు చార్జీలు తప్ప. (ఇంటికి బియ్యం లారీలో బస్తాల మీద కూర్చుని పోయాం.)

డబ్బా మూసేముందు ఆయన నన్ను పిలిచి ఒక పిస్టన్ చేతికిచ్చి, "ఆ బెజ్జంలో ఊదు" అన్నాడు. ఊదాను. రక్షణకి పూసిన నూనె మూతికంతా అంటుకుంది. అవతలి వైపు, మేం మొదటిసారి గమనించని ఇంకో బెజ్జం దగ్గర మామ అరచెయ్యి పెట్టి ఉన్నాడు. గాలి తగిలింది కాబోలు, ఆయన ముఖం సడలింది. నీళ్ళ మీద గాలి కోసం చూసి చూసి, అది తెరచాపకి తగిలినప్పటి ముఖం అది. "పడవకి బెజ్జం ఉంటే మునిగిపోతాది. దీనికి లేకపోతే మునిగిపోతాది" అన్నాడు చాలా గంభీరంగా. అద్దాలన్న కూడా అంతే గంభీరంగా తల ఊపాడు.

పట్టుబడి పొద్దున తెల్లవారేసరికి మా బండి కట్ట మీద ఉంది. పెద్దగుంటలాయన గొడుగు కర్రతో టైరుని తట్టి, "వచ్చినావా" అన్నాడు. "వచ్చినా" అన్నాడు మామ. వల లాగారు, రొయ్యలు ఐసులోకి పోయాయి, బండి నిండింది. గుంట పక్కనించి రోడ్డు మీదికి ఎక్కే ఏటవాలు దగ్గర మామ గేరు మార్చాడు. ఇంజిను ఒక్క క్షణం తడబడి, ఆనక టర్బో ఈల అందుకుని ఎక్కేసింది. నెల్లూరు చేరేదాకా మామ చెవి ఇంజిను మీదే ఉంది. సరుకు దించాక మాత్రం కిందికి దిగి, పట్టేసిన భుజాన్ని గాల్లో రెండుసార్లు గుండ్రంగా తిప్పి చూసుకున్నాడు. ఆ భుజం మళ్ళీ గెడ పట్టలేదు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ అద్దాలన్న అయిపోనివ్వలేదు. ఆ తర్వాత మేం ఎప్పుడు అంగడికి పోయినా, సరుకు కట్టిచ్చాక, "ఆ పాత బండి ఎట్టుండాది?" అని అడిగేవాడు. అడిగితే చెప్పక తప్పదు. మొదట్లో అది కోట వైపు ఇసక తోలుతోందన్నాడు మామ. మరుసటి ఏడు దాన్ని వెంకటగిరి వాళ్ళు కొన్నారు. ఒకసారి మామకి ఏమీ తోచక నా వైపు చూస్తే, తుపానులో కొట్టుకుపోయి తిరిగి దొరికిందని నేను అందుకున్నాను. దానికి నీలం రంగు వేయించాం. దాని డ్రైవరుకి పెళ్ళి చేశాం. మగపిల్లవాడు పుట్టాడు. అద్దాలన్న ప్రతిదీ శ్రద్ధగా విని, "మంచిది" అనేవాడు. ఆయన నమ్మాడా అని మేమిద్దరం బస్సుల్లో గంటలకొద్దీ వాదించుకున్నాం. నమ్మాడనే మామ అనేవాడు. నాకిప్పుడున్న ఈ కథలు చెప్పే జబ్బు అక్కడే, ఆ బల్ల దగ్గరే అంటుకుంది.

మామ పోయి కొన్నేళ్ళయింది. టర్బో బండిని ఆయన బతికుండగానే అమ్మేశాం. నాకిప్పుడు సొంత బండ్లు రెండున్నాయి, వాటి సామాన్లు ఫోన్లో నొక్కితే ఇంటికే వస్తాయి. పోయిన నెల ఏదో పని మీద నెల్లూరు పోయి, ఆ వీధిలోంచి నడుస్తూ అంగడి తెరిచి ఉందని లోపలికి పోయాను. అద్దాలన్న బాగా ముసలాయనైపోయాడు. కళ్ళజోడు ఇప్పుడు కళ్ళ మీదే ఉంది. నన్ను చూసి, కుర్చీ చూపించి, మామ గురించి విన్నానన్నట్టు ఒకసారి తల వంచాడు. ఇన్నాళ్ళకి నిజం చెప్పేద్దామనుకున్నాను, నోటిదాకా వచ్చింది కూడా.

"ఆ పాత బండి ఎట్టుండాది?" అన్నాడాయన.

"నడస్తానే ఉండాదన్నా" అన్నాను.

"మంచిది. ఆయిల్ ఫిల్టరు మార్చే టైమై ఉంటాది" అని లేచి, లోపలికి పోయి, ఒక ఫిల్టరు తెచ్చి దుమ్ము ఊది బల్ల మీద పెట్టాడు. నేను డబ్బులిచ్చాను. ఆయన తీసుకున్నాడు. ఇద్దరిలో ఎవరమూ నవ్వలేదు.

యాభైకి దగ్గరపడ్డ మనిషిని, జుట్టు సగం పోయినవాణ్ణి, లేని బండికి ఫిల్టరు సంచిలో వేసుకుని బస్టాండు వైపు నడిచాను. నా బండి ఆ బస్టాండు ఎదురుగానే పెట్టుకున్నానన్న సంగతి మరిచిపోయి, సూళ్ళూరుపేట బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. మనుబోలు దాటాక గానీ గుర్తు రాలేదు. దిగబుద్ధి కాలేదు.